ఎంజీబీ మీద మనసు పడిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

ఇంగ్లండ్‌లో కోవెంట్రీలో ఉద్యోగంలో చేరావని అక్క చెప్పింది, చాలా సంతోషం. ఆ పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ ఒకటి, సెకండ్‌హ్యాండ్ సుజుకి ఆల్టో ఒకటి చూసిపెట్టుకుని ఏది తీసుకోమంటావని అడిగావు. ముందు ఆల్టో తీసుకో. నీకు ఎంజీబీ అంటే ప్రాణమని తెలిసే ఈ మాట చెబుతున్నాను.

వేగం కోసమే అయితే ఎంజీబీ అక్కర్లేదురా. దాని 1798 సీసీ ఇంజను కొత్తలో ఇచ్చింది దాదాపు 95 హార్స్‌పవర్, ఆల్టో 996 సీసీతోనే 68 ఇస్తుంది. సున్నా నుంచి అరవై మైళ్లకి చేరడంలో రెండింటికీ తేడా ఒకటి రెండు సెకన్లే. ఆ ఆల్టో కూడా మన మానేసర్ మారుతి ఫ్యాక్టరీలో తయారై వచ్చిందే. ఇంకో మాట, ఎంజీబీ ఇంజనుదీ మన పాత అంబాసిడర్ ఇంజనుదీ ఒకటే వంశం, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బీ-సిరీస్. అందుకే దాని బానెట్ ఎత్తితే నాకు మనవాళ్లని చూసినట్టుంటుంది.

ఎంజీబీ ఇచ్చే సుఖం వేరు. రోడ్డుకి జానెడు ఎత్తులో కూర్చున్నట్టుంటుంది. మణికట్టు తిప్పితే గేరు పడుతుంది. నలభై మైళ్ల వేగంలోనే బండి నడుపుతున్న సంగతి ఒళ్లంతా తెలుస్తుంది. కానీ గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. రోజూ పొద్దున్నే వానలో, లారీల మధ్య మోటార్‌వే మీద దాన్ని నడపడం నాకిష్టం లేదు.

దానికీ మంచిది కాదు. చలికాలం అక్కడ రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఎంజీబీకి విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు. తలుపుల కింద పొడవుగా ఉండే ఇనుప పట్టీలు, సిల్సే బరువు మోస్తాయి. అవి తుప్పు పడితే కోసి, కొత్తవి వెల్డింగ్ చేయించాలి. ఆ ఖర్చుకి ఇంకో ఆల్టో వస్తుంది. ఉప్పులో తిరగడానికి ఆల్టో ఉంటేనే ఎంజీబీ పదికాలాలు బతుకుతుంది.

ఏడాది ఆగి అప్పుడు కొను, షెడ్డు ఉన్న ఇంట్లోకి మారాక. చూడ్డానికి వెళ్లినప్పుడు పెయింటు మెరుపు చూసి మురిసిపోకు. చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి సిల్స్ పొడవునా జరుపు. పట్టు వదిలేసిన చోట లోపల ఇనుము లేదు, పుట్టీ ఉంది. బండిని జాకీతో ఎత్తించి తలుపు తీసి వేసి చూడు, బిగుసుకుపోతే సిల్స్ బలం పోయినట్టే, ఆ బండి వద్దు. ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజను తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు) ఉంటే నాలుగో గేర్లో దాని స్విచ్ వెయ్యి, ఇంజను చప్పుడు ఒక్కసారిగా తగ్గాలి. ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఆధారమైన కడ్డీలకి, అంటే కింగ్‌పిన్‌లకి, గ్రీజు ఎప్పుడు కొట్టారో అడుగు. దానికి నీళ్లు నమిలితే మిగతా మాటలూ నమ్మకు.

నలభై ఏళ్లు దాటిన బండికి రోడ్ టాక్స్ లేదు, 2018 నుంచి ఎంఓటీ, అంటే అక్కడ ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష, కూడా తప్పనిసరి కాదు. అయినా నువ్వు ఏటా ఎంఓటీ చేయించు, బ్రేకులు ఇంకో మనిషి కంటపడాలి. 2021 నుంచి బంకుల్లో మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపింది. పాత రబ్బరు పైపుల్ని అది తినేస్తుంది, ఇథనాల్ ఐదు శాతానికి మించని సూపర్ ఈ5 కొట్టించు. ఆల్టోకి ఈ గొడవ లేదు.

ఎంజీబీ అమ్మేవాడికి ముందురోజే ఫోన్ చేసి, నువ్వు వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు. ముందే వేడెక్కిన ఇంజను స్టార్టింగ్ లోపాల్ని దాచేస్తుంది. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చెయ్.

మీ మామయ్య