హత్సునే మికు పాటలు: ఒక తల్లి సందేహం, ఒక విద్యార్థి ఉత్సాహం

ప్రశ్న: మాది నెల్లూరు. చాలాకాలం క్రితమే చెన్నైలో స్థిరపడ్డాం. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న మా అమ్మాయి తొమ్మిదో తరగతిలోకి వచ్చాక ఎప్పుడు చూసినా జపనీస్ పాటలే వింటోంది. పాడేది మనిషి కాదట, జడలు వేసుకున్న కంప్యూటర్ బొమ్మట. తన స్నేహితురాళ్లకూ ఇదే లోకం. ఒక పాటకు అర్థం అడిగితే, బతుకు మీద విసుగు పుట్టిన పిల్ల కథ అని చెప్పింది. నాకు గుండె ఝల్లుమంది. మనిషి గొంతే లేని పాటలో వీళ్లకు ఏం కనబడుతోంది? మాన్పించమంటారా?
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మాన్పించకండి. మీ అమ్మాయి చెబుతున్న బొమ్మ హత్సునే మికు అయి ఉంటుంది. సప్పోరో నగరానికి చెందిన క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా 2007 ఆగస్టు 31న ఈ పేరుతో విడుదల చేసింది పాటలు కట్టేవారు కొనుక్కునే ఒక సాఫ్ట్‌వేర్‌ను. పెట్టె మీద వేసిన బొమ్మే తర్వాత ప్రపంచమంతా ఎరిగిన గాయని అయింది. దానికి ఆధారమైన వోకలాయిడ్ సాంకేతికత యమహా వారిది. మీ చెన్నై దగ్గరి కర్మాగారంలో కీబోర్డులు తయారుచేస్తున్నది కూడా ఆ యమహాయే.

ఇక మనిషి గొంతే లేదన్న మాట. సాకి ఫుజితా అనే గాత్రనటి జపనీస్ అక్షరాలనూ, ఒక ధ్వని నుంచి మరొక ధ్వనికి గొంతు మారే తీరునూ వేర్వేరు శ్రుతుల్లో పలికి రికార్డు చేయించారు. మీ అమ్మాయి వింటున్నది ఆ ముక్కల కూర్పే. పాట కట్టేవారు కంప్యూటర్ తెర మీద గళ్లలో ఒక్కో స్వరానికి ఒక్కో చిన్న పట్టీ గీస్తారు. పట్టీ ఎంత పైన ఉంటే అంత హెచ్చు శ్రుతి, ఎంత పొడవుంటే అంత సేపు పలుకుతుంది. పలకవలసిన అక్షరాన్ని దాని మీద టైపు చేస్తారు. అక్కడితో ఆపేస్తే పాట రైల్వే స్టేషన్ ప్రకటనలా బిగుసుకుపోయి వినబడుతుంది. కాబట్టి స్వరం నుంచి స్వరానికి ఎలా జారాలో గీతగా గీసి, కంపం ఎక్కడ మొదలవ్వాలో, ఊపిరి ఎంత వినబడాలో అక్షరాక్షరానికీ సరిచేసుకుంటూ పోవాలి. గమకాన్ని గొంతులో పలికించడానికి సాధన చేస్తున్న పిల్లకు, అదే జారుడును చేత్తో గీయాలంటే ఎంత చెవి, ఎంత ఓపిక కావాలో ఇట్టే తెలుస్తుంది. ఈ పాటల వల్ల ఆమె సంగీతం పాడవుతుందని నేననుకోను.

పిల్లలకు ఏం కనబడుతోందని అడిగారు. గాయనీగాయకులను వెతుక్కునే పని లేకుండా, స్టూడియోకు డబ్బు లేకుండా, తన గదిలో కూర్చుని ఒక కుర్రవాడు పాట పూర్తిచేసి నికోనికో వంటి వీడియో వేదికల్లో పెట్టగలిగాడు. దానికి ఎవరో బొమ్మలు గీశారు, మరెవరో తమ సొంత గొంతుతో పాడి పెట్టారు. హచి అనే పేరుతో 2009 నుంచి అలా పాటలు పెట్టిన యువకుడే తర్వాత సొంత పేరుతో జపాన్‌లో అగ్రశ్రేణి గాయకుడైన కెన్షి యొనెజు. యోఅసోబి అనే జపనీస్ సంగీత జంటకు పాటలు కూర్చే అయాసే కూడా ఈ దారినే వచ్చాడు. గొంతు ఒకటే అయినా పాటలు కట్టినవారు వేలమంది కనుక, ఈ పాటల అభిమానులు ముందు అడిగేది ఇది ఎవరు కట్టారని. మన సినిమా పాటకు సంగీత దర్శకుడి పేరు, రచయిత పేరు అడిగి మరీ వినే శ్రోతలు మా తరంలో చాలామందే ఉండేవారు. ఆ అలవాటు పిల్లల్లో మళ్లీ కనబడుతున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

సాహిత్యం గురించి మీ భయాన్ని మాత్రం కొట్టిపారేయలేను. ఒంటరితనం, తన మీద తనకే అసహ్యం, బడిలో ఎవరికీ పట్టనితనం ఈ పాటల్లో తరచుగా వస్తాయి. కొన్ని చావు గురించి సూటిగానే మాట్లాడతాయి. రాసినవారిలో చాలామంది ఆ వయసు దాటి ఎంతో కాలం కాని యువకులు. పైకి చెప్పుకోలేని మాట ఇంకెవరో చెప్పారన్న ఊరటతో వినే పిల్లలే ఎక్కువ. మీ అమ్మాయి మీకు అర్థం దాచకుండా చెప్పింది, అది మంచి సంగతి. పక్కన కూర్చుని మరో పాట పెట్టించుకోండి, మొదటి పాటలోని పిల్లకు బతుకు మీద ఎందుకు విసుగు పుట్టిందో అడగండి, మధ్యలో నీతులు చెప్పకుండా వినండి. అయితే తిండీ నిద్రా తగ్గినా, స్నేహితులకు దూరమైనా, తనను తాను గాయపరచుకునే మాట వచ్చినా పాటల సంగతి పక్కన పెట్టి వెంటనే వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వం నడిపే టెలి-మానస్‌కు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

ప్రశ్న: ఇలాంటి గొంతుతో తెలుగు పాట చేయాలని ఉంది. డబ్బు పెట్టి కొనాలా? మికు బొమ్మ వాడుకోవచ్చా?
— ప్లస్ టూ విద్యార్థి, వేళచ్చేరి, చెన్నై

జవాబు: కొననక్కరలేదు. ఇలా పాడించే సాఫ్ట్‌వేర్లలో 2008లో వచ్చిన ఉతావు, ఇప్పుడు చాలామంది వాడుతున్న ఓపెన్ ఉతావు రెండూ ఉచితమే. మికు లాగే పేరున్న కసానే టెటో అనే గొంతు 2008 ఏప్రిల్ ఒకటిన కొందరు అభిమానులు సరదాకు పుట్టించినది. ఆ తర్వాత ఉతావులోనే పాడి పేరు తెచ్చుకుంది. అయితే జపనీస్ గొంతుతో తెలుగు పాడిస్తే మీకు తృప్తి కలగదు. ఆ భాషలో ల, ర లకు తేడా లేదు, ళ, ణ అసలు లేవు, ఖ, ఘ వంటి ఒత్తక్షరాలు లేవు. అందుకని మీ గొంతునే, లేదా ఒప్పుకున్న స్నేహితుడి గొంతునే, అక్షరాలుగా రికార్డు చేసి వాయిస్ బ్యాంక్ తయారు చేసుకోండి. అడగకుండా ఎవరి గొంతూ తీసుకోవద్దు, ముఖ్యంగా పేరున్న గాయకులది. 2024లో లాల్ సలామ్ అనే తమిళ చిత్రానికి ఏ.ఆర్. రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులను కృత్రిమ మేధతో వినిపించినప్పుడు కూడా, వారి కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం ఇచ్చామని ప్రకటించారు.

మికు బొమ్మను లాభాపేక్ష లేకుండా గీసి వాడుకోవడానికి క్రిప్టన్ నియమాలు వీలు కల్పిస్తాయి. అమ్మకానికైతే వారి అనుమతి కావాలి. ముందు నాలుగు పంక్తుల పల్లవి తీసుకుని, అందులో ళకారం స్పష్టంగా పలికేదాకా కూర్చోండి. చరణాల జోలికి ఆ తర్వాతే వెళ్లండి.