.243 రైఫిల్‌తో జింకకీ కయోటీకీ ఒకే బుల్లెట్ సరిపోతుందా?

మీరు టెక్సాస్‌లో .243 విన్‌చెస్టర్ తూటాలు కాల్చే రైఫిల్ కొన్నారు. కయోటీల (నక్కలాంటి అడవి జంతువుల) కోసం తెచ్చిన 58 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) వి-మ్యాక్స్ రకం తూటాల డబ్బాలు మిగిలాయి, నవంబర్‌లో జింకల సీజన్‌కి అవే వాడొచ్చా అని అడిగారు. వద్దండి. జింకకి వేరే డబ్బా కొనండి. హిల్ కంట్రీలో ఒక మేకల రాంచ్‌లో ఇదే క్యాలిబర్‌తో రెండింటినీ వేటాడుతుంటాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఇక్కడి కయోటీలు చాలావరకు పదిహేను కిలోల లోపే ఉంటాయి. చర్మం పలుచన, ఎముకలు సన్నం. వాటికోసం చేసిన బుల్లెట్‌లో సీసం మీద రాగి తొడుగు చాలా పల్చగా ఉంటుంది. సెకనుకు 3,700 అడుగులకు పైన వేగంతో వెళ్లి, తగలగానే లోపలే ముక్కలు ముక్కలైపోతుంది. సాధారణంగా అవతలి వైపుకి రాదు కాబట్టి తోలు అంతగా చిరగదు, నేలకి తగిలి పక్కకి ఎగిరే ప్రమాదమూ తక్కువే. కానీ అదే బుల్లెట్ జింక భుజం ఎముకకి తగిలితే అక్కడే చితికిపోవచ్చు. పక్క రాంచ్ వాళ్లు అలా కొట్టిన ఒక ఆడ జింకకి తోలు తీస్తుంటే చూశాను. భుజం మీద అరచేయంత గుంట, చుట్టూ కండంతా గడ్డకట్టిన రక్తంతో నల్లబడింది. పక్కటెముకలు విప్పి చూస్తే ఊపిరితిత్తులకి ఒక్క గాటు లేదు. చీకటి పడేదాకా వెతికి, రెండో రౌండ్ కాలిస్తే గానీ దాని ప్రాణం పోలేదట. ఏ జంతువూ అలా చావకూడదు.

టెక్సాస్ చట్టం జింకకి సెంటర్‌ఫైర్ రైఫిల్ (తూటా అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే రకం, మీ .243 అలాంటిదే) అయితే చాలంటుంది, బుల్లెట్ బరువు అడగదు. కొలరాడోలో మాత్రం కనీసం 70 గ్రెయిన్లు ఉండాలి. చట్టం అడగకపోయినా బరువు మనమే చూసుకోవాలి. 95 నుంచి 100 గ్రెయిన్ల మధ్య, అంటే ఆరున్నర గ్రాముల దాకా బరువుండి, ముందు భాగం విచ్చుకున్నా వెనక భాగం చెదరకుండా లోపలికి దూసుకెళ్లే రకం తీసుకోండి. హోర్నడీ ఇంటర్‌లాక్, రెమింగ్టన్ కోర్-లాక్ట్ లాంటి మామూలు సాఫ్ట్ పాయింట్లు (కొన దగ్గర మెత్తటి సీసం బయటికి కనిపించేవి) 150 గజాల లోపు చక్కగా పనిచేస్తాయి. నోస్లర్ పార్టిషన్ ఇంకా గట్టిది. దాని సీసం మధ్యలో రాగి గోడ అడ్డంగా ఉంటుంది. అందుకే ముందు సగం విడిపోయినా వెనక సగం ఆగదు. ఇది చాలాసార్లు అవతలి వైపుకి వచ్చేస్తుంది, కాబట్టి జింక వెనకాల మట్టిగట్టు ఉందో లేదో చూడకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి.

మాంసం ఇంట్లో పిల్లలు తింటారంటే 80 గ్రెయిన్ల బార్న్స్ టీటీఎస్‌ఎక్స్ లాంటి పూర్తి రాగి బుల్లెట్ చూడండి. నేను దానికే మారాను. 2008లో నార్త్ డకోటాలో పేదలకి ఇచ్చిన జింక ఖీమాలో సీసం రజను బయటపడి, దాన్ని పంచొద్దని అక్కడి ఆరోగ్య శాఖే చెప్పింది. ధర ఎక్కువే, అయినా సరే. ఒక్కటి గుర్తుంచుకోండి, వేగం తగ్గాక రాగి సరిగ్గా విచ్చుకోదు. దగ్గర షాట్‌లకే ఉంచుకోండి.

జింక కోసం కూర్చున్నప్పుడు కయోటీ కనిపిస్తే బుల్లెట్ మార్చే పనిలేదు. జింక బుల్లెట్ దాన్నీ పడగొట్టేస్తుంది, తోలు పాడవుతుందంతే.

హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్లు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వలస వీసా కాని వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటాలు దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. టెక్సాస్‌లో మామూలు వార్షిక లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబర్‌లో కొత్తది తీసుకోవడం మర్చిపోతే ఇంట్లో ఉన్న డబ్బాలే సమస్య. గ్రీన్ కార్డ్ ఉంటే ఈ టెన్షన్ లేదు.

ఇక జీరో, అంటే గురి పెట్టిన చోటే దెబ్బ పడేలా స్కోప్ సెట్ చేసుకోవడం. 58 గ్రెయిన్లకి సెట్ చేసిన స్కోప్‌తో 100 గ్రెయిన్లవి కాలిస్తే వంద గజాల దగ్గరే దెబ్బ వేరే చోట పడుతుంది. కిందికే కాదు, పక్కకీ జరగొచ్చు. జింకల డబ్బా విప్పగానే రేంజ్‌లో కాగితం మీద మూడు రౌండ్లు కాల్చి స్కోప్ సరిచేసుకోండి, స్కోప్ మరని ఎన్ని క్లిక్‌లు తిప్పారో టేపు మీద రాసి రైఫిల్ బట్‌కి అంటించండి. సీజన్ అయ్యాక కయోటీల బుల్లెట్‌కి మారేటప్పుడు అన్నే క్లిక్‌లు వెనక్కి తిప్పి, మళ్లీ కాగితం మీదే సరిచూసుకోండి.