ఒంటరి ఉద్యోగికి అద్దె సాయం: వయసు, వీసా, ఊళ్లో పొలం

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా బ్రిటన్‌లో తక్కువ జీతానికి పనిచేస్తూ ఒంటరిగా ఉంటున్నవాళ్లవి. అందరి గోడూ అద్దె గురించే. కింద ఇచ్చిన అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. ఇలాంటి రేట్లు చాలావరకు ఏప్రిల్‌లో మారతాయి, చూసుకోండి.

ప్ర: నాకు 29 ఏళ్లు, పెళ్లి కాలేదు. లెస్టర్‌లో గోదాములో వారానికి 25 గంటల పని, గంటకు 12.21 పౌండ్లు. పోయిన నెల ఐఎల్‌ఆర్ (బ్రిటన్‌లో గడువు లేకుండా ఉండే అనుమతి) వచ్చింది. గది అద్దె 550. పిల్లాజెల్లా లేనివాళ్లకు ప్రభుత్వం ఏమీ ఇవ్వదని రూమ్మేట్లు అంటున్నారు. నిజమేనా?

జ: నిజం కాదు. పిల్లలు లేకపోతే వచ్చేది తగ్గుతుంది, అంతే. అసలు రాకుండా పోదు. పని వయసువాళ్లు కొత్తగా అద్దె సాయం అడగాలంటే చాలావరకు యూనివర్సల్ క్రెడిట్‌లోనే (తక్కువ ఆదాయంవాళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) అడగాలి. పాత హౌసింగ్ బెనిఫిట్ కోసం కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) చుట్టూ తిరిగి లాభం లేదు.

లెక్క చూద్దాం. 25 ఏళ్లు నిండిన ఒంటరి మనిషికి నెలకు మూల భత్యం 400.14 పౌండ్లు. 25 లోపైతే 316.98. దానికి అద్దె భాగం కలుపుతారు. మీది ప్రైవేటు అద్దె కాబట్టి ఆ భాగానికి లోకల్ హౌసింగ్ అలవెన్స్ అనే పరిమితి ఉంటుంది. 35 నిండని ఒంటరివాళ్లకు, పిల్లలు లేకపోతే, ఫ్లాటు మొత్తం తీసుకున్నా సరే షేరింగ్ గది రేటే వర్తిస్తుంది. ఆ రేటు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ప్రభుత్వ వెబ్‌సైటులో మీ పోస్ట్‌కోడ్ కొడితే తెలుస్తుంది. ఉదాహరణకు 420 అనుకుందాం. అప్పుడు మీ 550లో 420 మాత్రమే లెక్కకొస్తుంది, మిగతా 130 మీరే భరించాలి. 400.14కు 420 కలిపితే 820.14.

ఇక కోత. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, పెన్షన్ చందా పోగా చేతికొచ్చే ప్రతి పౌండుకు 55 పెన్నీలు తీసేస్తారు. పిల్లలున్నవాళ్లకూ అనారోగ్యం వల్ల పనిచేసే శక్తి తగ్గినవాళ్లకూ కొంత జీతం వదిలిపెట్టి ఆ పైన కోస్తారు. మీకు ఆ వెసులుబాటు లేదు, మొదటి పౌండు నుంచే కోత. మీకు చేతికి సుమారు 1,200 వస్తుందనుకుంటే కోత 660. మిగిలేది నెలకు 160.14 పౌండ్లు.

మీ అర్హత ఏ జీతం దగ్గర ఆగిపోతుందో కూడా ఇట్టే చెప్పొచ్చు. పై మొత్తాన్ని 0.55తో భాగించండి. 820.14కు 1,491 వస్తుంది. ఆ నెల చేతికొచ్చిన జీతం అది దాటితే యూనివర్సల్ క్రెడిట్ సున్నా. ఇదే వేతనానికి వారానికి 37.5 గంటలు చేసేవాళ్లకు 1,600 పైనే వస్తుంది కాబట్టి షేరింగ్ రేటులో వాళ్లకు ఏమీ మిగలదు. మీ రూమ్మేట్లు ఫుల్‌టైమ్ వాళ్లయితే, వాళ్ల మాట వాళ్ల వరకు నిజమే అయ్యుంటుంది.

ఒక మాట చెప్పక తప్పదు. ఈ రేట్లు 2024 ఏప్రిల్‌లో, ఆ ప్రాంతపు అద్దెల్లో చవకైన 30 శాతం అందే స్థాయిలో పెట్టారు. తర్వాతి ఏడాది పెంచకుండా అక్కడే ఆపేశారు. అద్దెలు మాత్రం ఆగలేదు. కాబట్టి మీ ఊళ్లో ఆ రేటుకు గది దొరకకపోతే తప్పు మీది కాదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఆలస్యం చేయకండి, ఎందుకంటే సాయం దరఖాస్తు పూర్తిచేసిన రోజు నుంచే లెక్క. వెనక్కి ఒక నెల వరకే ఇస్తారు, అదీ అనారోగ్యం లాంటి కొన్ని కారణాలకే. బ్యాంకు ఖాతా వివరాలు, ఐఎల్‌ఆర్ ఉన్న ఈవీసా (ఆన్‌లైన్ వీసా రికార్డు), అద్దె ఒప్పందం దగ్గర పెట్టుకోండి. ఒప్పందం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. దానిమీద ముగ్గురి పేర్లుంటే ఇంటి అద్దెను మూడుతో భాగిస్తారు. మీరు పెద్ద గది తీసుకుని ఎక్కువ కడుతున్నామంటే మామూలుగా వినరు. వారం అద్దెను నాలుగుతో గుణించి నెలకు అని రాసేవాళ్లూ ఉన్నారు, అది నష్టం. 52తో గుణించి 12తో భాగించాలి. వారానికి 120 అంటే నెలకు 520, 480 కాదు.

మొదటి డబ్బు రావడానికి సుమారు అయిదు వారాలు పడుతుంది. ఈలోగా అడ్వాన్సు అడగొచ్చు కానీ అది అప్పు. 24 నెలల్లోపు నెలనెలా పట్టుకుంటారు.

ప్ర: వచ్చే నెల నాకు 35 నిండుతాయి. ఏమైనా మారుతుందా? (బర్మింగ్‌హామ్)

జ: చాలా మారుతుంది. ఒక పడకగది రేటు వర్తిస్తుంది. పై ఉదాహరణలో 420 బదులు 700 అనుకోండి, అర్హత ఆగే జీతం 1,491 నుంచి 2,000కు ఎగబాకుతుంది. పుట్టినరోజు ఏ నెల లెక్కలో పడితే ఆ నెల మొదటి రోజు నుంచీ కొత్త రేటు రావాలి. రాకపోతే మీ యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలోని జర్నల్‌లో రాయండి. వంటగది, బాత్రూం నలుగురితో పంచుకునే గదిలోనే ఉన్నా యూనివర్సల్ క్రెడిట్‌లో 35 నిండితే ఒక పడకగది రేటే పరిమితి, కాకపోతే మీరు కట్టే అద్దెకు మించి ఇవ్వరు.

35 లోపే మినహాయింపు పొందేవాళ్లూ ఉన్నారు: పిప్ (వైకల్యం, దీర్ఘకాల అనారోగ్యం ఉన్నవాళ్లకిచ్చే భత్యం)లో రోజువారీ జీవన భాగం అందుకునేవాళ్లు, గృహహింస బాధితులు, ఇల్లులేనివారి హాస్టళ్లలో మొత్తం మూడు నెలలైనా గడిపినవాళ్లు. కౌన్సిల్ లేదా హౌసింగ్ అసోసియేషన్ ఇంట్లో ఉంటే ఈ షేరింగ్ రేటు గొడవే లేదు. అక్కడ అదనపు పడకగది ఒకటుంటే 14 శాతం, రెండో అంతకన్నా ఎక్కువో ఉంటే 25 శాతం కోస్తారు.

ప్ర: గ్రాడ్యుయేట్ వీసాలో ఉన్నాను. కేర్ హోంలో పని, జీతం చాలట్లేదు. జీతంలో పన్ను కడుతున్నాను కదా, అద్దె సాయం అడగొచ్చా? (స్లౌ)

జ: అడగకూడదు. స్టూడెంట్, గ్రాడ్యుయేట్, స్కిల్డ్ వర్కర్, హెల్త్ అండ్ కేర్ వీసాలన్నిటి మీదా ప్రభుత్వ నిధులు తీసుకోరాదనే షరతు ఉంటుంది. పన్ను కట్టడానికీ దీనికీ సంబంధం లేదు. యూనివర్సల్ క్రెడిట్, కౌన్సిల్ ఇల్లు, తక్కువ ఆదాయానికిచ్చే కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపు అన్నీ ఆ నిధుల్లోకే వస్తాయి. దరఖాస్తు ఫారం తీసుకుంది కదా అని పెట్టేస్తే రేపు వీసా పొడిగింపు దగ్గర అడ్డం తిరుగుతుంది. ఐఎల్‌ఆర్‌కు పెట్టి ఎదురుచూస్తున్నవాళ్లకూ నిర్ణయం వచ్చేదాకా పాత షరతే.

అయితే ఒకటి వదులుకోకండి. ఇంట్లో లెక్కకొచ్చే పెద్దవాళ్లు మీరొక్కరే అయితే కౌన్సిల్ ట్యాక్సులో 25 శాతం తగ్గుతుంది. ఇది ప్రభుత్వ నిధి కాదు, వీసాకు ఏ ఇబ్బందీ లేదు. పక్క గదిలో ఫుల్‌టైమ్ విద్యార్థి ఉన్నా ఫరవాలేదు, అతన్ని లెక్కలోకి తీసుకోరు. పేరు దగ్గర దగ్గరగా ఉండటంతో దీన్నీ ఇందాకటి తగ్గింపునూ ఒకటే అనుకుని భయపడి మానేసేవాళ్లున్నారు. రెండూ వేరు.

ప్ర: ఐఎల్‌ఆర్ ఉంది, జీతం తక్కువే. కానీ గుంటూరు దగ్గర నా పేర ఎకరం పొలం, హైదరాబాద్‌లో అమ్మానాన్నలుంటున్న ఫ్లాటు ఉన్నాయి. ఇండియా ఆస్తి ఇక్కడ చెప్పాలా? (ఈస్ట్‌హామ్)

జ: చెప్పాలి. ఆస్తి ఏ దేశంలో ఉన్నా లెక్కే. మొత్తం 16,000 పౌండ్లు దాటితే యూనివర్సల్ క్రెడిట్ అసలు రాదు. 6,000 వరకు పట్టించుకోరు. ఆ మధ్యలో ఉంటే, 6,000 పైన ప్రతి 250కి నెలకు 4.35 చొప్పున కోస్తారు, చివర 250 నిండకపోయినా పూర్తి కోతే. 9,100 ఉందనుకుంటే 56.55 పోతుంది.

పొలానికి అక్కడి మార్కెట్ ధర చూస్తారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ చూపిస్తే సరిపోదు. అందులోంచి అమ్మకపు ఖర్చులకు 10 శాతం, పొలం తనఖా పెట్టి తెచ్చిన అప్పు తీసేస్తారు. నోటు రాసి తెచ్చిన చేబదులు ఆస్తి మీద అప్పు కాదు, అది తగ్గదు. అన్నదమ్ముల ఉమ్మడి అయితే మీ వాటా విలువే మీది. గుంటూరు చుట్టుపక్కల ఎకరం ధర తెలిసినవాళ్లకు ఈ లెక్క ఎక్కడ తేలుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఫ్లాటు సంగతి వేరు. పెన్షన్ వయసు దాటిన తల్లో తండ్రో అదే ఇంటిగా ఉంటే ఆ ఇంటి విలువను వదిలేస్తారు. ఆ వయసు 66, ఇప్పుడిప్పుడే 67కు మారుతోంది. నాన్నగారికి 62 అయితే, పనిచేయలేని అనారోగ్యం లేకపోతే, మినహాయింపు రాదు. సొంత వాడకంలోని నగలు ఆస్తి కిందికి రావు.

పొలం తమ్ముడి పేర రాసేసి దరఖాస్తు పెడదామన్న ఆలోచన వద్దు. సాయం కోసమే ఆస్తి వదిలించుకున్నారని తేలితే అది ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు. పొలమూ పోతుంది, సాయమూ రాదు.

ప్ర: నాలుగు వారాలకోసారి జీతం. ఒక నెల యూనివర్సల్ క్రెడిట్ పూర్తిగా ఆగింది. ఎందుకు? (రీడింగ్)

జ: ఏడాదికి 13 జీతాలు, వాళ్ల లెక్క నెలలు 12. ఏదో ఒక నెలలో రెండు జీతాలు పడతాయి, ఆ నెల ఆదాయం రెట్టింపుగా కనిపిస్తుంది. నెల జీతంవాళ్లకు సెలవు వల్ల ముందే పడితే ఒక జీతాన్ని పక్క నెలకు మార్చమని అడగొచ్చు. నాలుగు వారాలవాళ్లకు ఆ దారి లేదు. పైగా సున్నా వచ్చిన నెలతో దరఖాస్తు మూసుకుపోవచ్చు. ఆన్‌లైన్‌లోకి వెళ్లి మళ్లీ క్లెయిమ్ చేయండి. ఆరు నెలల్లోపు అయితే పాత వివరాలతోనే, పాత తేదీలతోనే త్వరగా తెరుచుకుంటుంది. ఊరుకుంటే తర్వాతి నెల డబ్బు కూడా రాదు. జీతం తేదీలు రాసుకుంటే ఆ నెల ఏదో ముందే తెలుస్తుంది, అద్దెకు కొంత పక్కన పెట్టుకోవచ్చు.

ప్ర: బాబాయి ఇంట్లో ఉంటూ నెలకు 400 ఇస్తున్నాను. అది అద్దె అవుతుందా? (మిల్టన్ కీన్స్)

జ: మనకు బాబాయి తండ్రి తర్వాత తండ్రి. వాళ్ల చట్టంలో దగ్గరి బంధువంటే తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, అత్తమామలు, అల్లుళ్లు కోడళ్లు. అదే ఇంట్లో ఉండే అన్నయ్యకు కడితే అద్దె సాయం రాదు. బాబాయి ఆ జాబితాలో లేరు కాబట్టి రావచ్చు. కానీ అది నిజమైన అద్దేనా అని చూస్తారు. రాతపూర్వక ఒప్పందం, నెలనెలా బ్యాంకు ద్వారా చెల్లింపు ఉండాలి, కట్టకపోతే ఖాళీ చేయమనే హక్కు ఆయనకు నిజంగా ఉండాలి. మీరు దరఖాస్తు పెట్టాకే 400 మొదలైందంటే అనుమానిస్తారు. ఆ 400లో భోజనం, కరెంటు కలిసి ఉంటే విడదీసి రాయించండి, ఆ భాగానికి సాయం ఉండదు.