బోరు నీటిలో ఫ్లోరైడ్: ముందు రాతిని అనుమానించండి

చింతామణి దగ్గరి మీ పొలంలో బోరును మరింత లోతు చేయించాక నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 2.4 మిల్లీగ్రాములు తేలిందనీ, అది ఎరువుల వల్లేనా అనీ బెంగళూరు నుంచి మీరు అడిగారు. ఎరువుల జాడ సాధారణంగా నైట్రేట్‌లో కనిపిస్తుంది. పరీక్షా నివేదికలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిందేమో చూడండి. ఫ్లోరైడ్ మాత్రం ఎక్కువగా గ్రానైట్, నైస్ శిలల్లోని బయోటైట్, అపటైట్ వంటి ఖనిజాల నుంచి కరుగుతుంది. లోతు పగుళ్లలో నీరు ఏళ్ల తరబడి రాతిని అంటిపెట్టుకుని ఉండి, సోడియం, బైకార్బొనేట్ పెరిగి కాల్షియం తగ్గిన చోట అది మరింత పోగుపడుతుంది. తాగునీటిలో 1 మిల్లీగ్రాముకు, వేరే నీరు దొరకనప్పుడు 1.5కు మించకూడదన్నది భారతీయ ప్రమాణం. మరిగిస్తే తగ్గదు సరికదా, ఆవిరైన మేరకు గాఢత పెరుగుతుంది. తాగడానికే కాక వంటకు కూడా ఆర్‌ఓ నీటినో, శుభ్రంగా పట్టిన వాననీటినో వాడండి.