ఇటుక బట్టీ పని 'వెట్టి' అవుతుందా?

సందేహం: వెట్టి అంటే కూలి లేని పని కదా. ఇటుక బట్టీల్లో పనివాళ్లు ముందే అడ్వాన్సు తీసుకుంటారు, వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్కా ఉంటుంది. దాన్ని పత్రికలు 'వెట్టిచాకిరి' అని రాయడం తప్పు కాదా? ఈ మాట 'వెర్రి' నుంచి వచ్చిందంటారు, నిజమేనా?

సమాధానం: వెర్రికీ వెట్టికీ చుట్టరికం లేదు. సంస్కృత 'విష్టి'కి వికృతి 'వెట్టి', కన్నడంలో 'బిట్టి'. 'చాకిరి' పారసీ మాట. విష్టి అంటే రాజు హక్కుగా చేయించుకునే పని. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ (గుజరాత్) శాసనంలో శక రాజు రుద్రదాముడు, సుదర్శన తటాకాన్ని బాగుచేయించడానికి ప్రజల్ని పన్నులతోనూ విష్టితోనూ పీడించలేదనీ, సొంత బొక్కసం నుంచే ఖర్చుపెట్టాననీ చెప్పుకున్నాడు. గొప్పగా చెప్పుకున్నాడంటే మామూలుగా జరిగేది ఏమిటో ఊహించవచ్చు. నిజాం కాలంలో తెలంగాణ కుమ్మరి దొరగడీకి ఊరికే కుండలివ్వడమూ ఈ వెట్టే. భూమీ, ఊరి పెత్తనమూ ఒకే చేతిలో ఉన్నాయి కాబట్టి కాదనే దారి లేదు.

మీరు చెప్పిన అర్థం ఇంతవరకే సరిపోతుంది. 'జీతగాడు' మాట చూడండి. 'జీవితం' నుంచి వచ్చిన 'జీతం' అతని పేరులోనే ఉంది. కానీ పెళ్లికో జబ్బుకో దొర దగ్గర తెచ్చిన అప్పుకు వడ్డీ పెరిగి ఆ జీతాన్ని మింగేది. తండ్రి బాకీ కొడుకు మెడకు చుట్టుకునేది. పేరుకు జీతం, బతుకుకు వెట్టి. అందుకే 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కూలి లేని పని దగ్గరే ఆగలేదు. అప్పుకో, ఆచారానికో, పుట్టిన కులానికో కట్టుబడి నామమాత్రపు కూలికి చేసే పనినీ, మరోచోట పని చూసుకునే స్వేచ్ఛ లేకపోవడాన్నీ లెక్కలోకి తెచ్చింది. 1982లో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకున్నా అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరేనంది. ఆకలి కూడా బలవంతమేనని గుర్తించింది. 'బలవంతం' అనే మాటకు ఇంతకంటే న్యాయమైన వ్యాఖ్యానం నేను చూడలేదు.

ఒడిశాలోని బలాంగీర్ నుంచి మన బట్టీలకు వచ్చే కుటుంబం అడ్వాన్సు తీరేదాకా కదలలేకపోతే, అది వెట్టే. పత్రికలది తప్పు కాదు. పూర్తి కూలి అందుతూ, వద్దనుకుంటే వెళ్లగలిగితే 'వలస కూలీ' అనాలి.

ఆఫీసులో రాత్రిదాకా పనిచేసి 'వెట్టిచాకిరి చేస్తున్నా' అనడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. దానికి 'గొడ్డుచాకిరి' ఉంది.