స్కోప్ సినిమాకి ప్రొజెక్టర్ లెన్స్ ఎందుకు మార్చాలి?

35 ఎంఎం స్కోప్ (సినిమాస్కోప్, తెరమీద బాగా వెడల్పుగా పడే సినిమా) రీలులో బొమ్మ అడ్డంగా సగానికి నొక్కేసి ఉంటుంది కాబట్టి, దాన్ని తెరమీద మళ్లీ రెండింతలు సాగదీసే అనామార్ఫిక్ లెన్స్ బిగించాల్సిందే. ఫ్లాట్ (బొమ్మ నొక్కకుండా ఉండే మామూలు) సినిమాల లెన్స్‌తోనే వేస్తే హీరో అగరుబత్తిలా కనిపిస్తాడు. బిగించేటప్పుడు లెన్స్ గొట్టం పిసరంత తిరిగినా తెరమీద స్తంభాలు పక్కకి వాలతాయి.

లెన్స్‌తో పాటు గేటులో (ఫిల్మ్ వెలుగు ముందు నుంచి సాగే చోట) అపర్చర్ ప్లేటూ, అంటే ఫ్రేములో ఎంత భాగం తెరమీద పడాలో హద్దు గీసే కంత రేకూ, మారుతుంది. స్కోప్ ఫ్రేము ఎత్తు దాదాపు 17.5 మిల్లీమీటర్లు, ఫ్లాట్‌కి వాడుకునేది 11.3 మాత్రమే. అంత పొట్టి ఫ్రేము అదే తెర ఎత్తుకి పెరగాలంటే తక్కువ ఫోకల్ లెంగ్త్ లెన్స్, అంటే బొమ్మని ఇంకా పెద్దది చేసేది, కావాలి.

వైజాగ్‌లో ఓ పాత హాలుంది, తెర 20 అడుగుల ఎత్తు అనుకోండి. స్కోప్ (వెడల్పు, ఎత్తు 2.39:1) బొమ్మ దాదాపు 48 అడుగుల వెడల్పు వస్తుంది, ఫ్లాట్ (1.85:1) 37 అడుగులు. అందుకే ఫ్లాట్ సినిమాకి పక్కల నల్లగుడ్డలు చెరో ఐదున్నర అడుగులు లోపలికి జరుపుతారు.

జగదాంబ 70 ఎంఎం థియేటర్ పేరు వినీ వినీ, స్కోప్ అంటే వెడల్పాటి ఫిల్మ్ అనుకునేవాళ్లు ఇక్కడ చాలామంది. స్కోప్ రీలు కూడా 35 ఎంఎమ్మే. నిజంగా వెడల్పైనది 70 ఎంఎం. మామూలు 70 ఎంఎం ప్రింటుకి సాగదీసే లెన్సే అక్కర్లేదు.