రిక్రూటర్ల సదస్సుకి మా అమ్మాయిని పంపమంటారా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. మా అమ్మాయి ఎంబీఏలో హెచ్‌ఆర్ చేసి విశాఖపట్నంలో ఓ కన్సల్టెన్సీలో రిక్రూటర్‌గా చేరింది. హాస్టల్లో ఉంటోంది. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం వైపు ఫార్మా ప్లాంట్లకి మనుషుల్ని చూసిపెట్టడం తన పని. నెలకి 18,000 చేతికొస్తాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో రిక్రూటర్ల సదస్సు జరుగుతోందట, వెళ్తానంటోంది. ఒక్క రోజుకి 7,000 ఫీజు, ఆ పైన జీఎస్టీ. అక్కడ ఉద్యోగాలేమీ ఇవ్వరట. మరి దేనికి వెళ్లడం? ఒక్కదాన్నీ అంత దూరం పంపడానికీ మనసొప్పడం లేదు.

జవాబు: ముందు డబ్బు లెక్క చూద్దామండి. 7,000 మీద 18 శాతం జీఎస్టీ 1,260. మొత్తం 8,260. రానుపోను రైలు, తిండి, ఒక రాత్రి బస కలిపితే పదకొండు వేలు దాటుతుంది. 18,000 జీతగాళ్లకి ఇది చిన్న మొత్తం కాదు. కాబట్టి సొంత జేబులోంచి పెట్టుకుని మాత్రం ఈసారి వెళ్లొద్దనే చెబుతాను. కంపెనీ భరిస్తే వెళ్లాలి. భరించకపోతే విశాఖలోనే మొదలుపెట్టాలి. ఎలాగో కింద రాస్తున్నాను. అయితే ‘దేనికి వెళ్లడం’ అన్న మాట దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను.

మీ అమ్మాయి పని ఎలా ఉంటుందో చూడండి. ఒక ప్లాంటుకి క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షల విభాగంలో, అనలిస్టు కావాలి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, మందుల్ని పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద రెండు మూడేళ్ల అనుభవం, నెల రోజుల్లో చేరాలి. నౌకరీ వెబ్‌సైట్‌లో వెతికితే ఈ కన్సల్టెన్సీకి కనిపించే ప్రొఫైళ్లే పక్క కన్సల్టెన్సీకీ కనిపిస్తాయి. ఎవరో ఒకరు దొరుకుతారు, ఇంటర్వ్యూ పాసవుతారు, ఆఫర్ లెటర్ తీసుకుంటారు. ఉన్న కంపెనీలో నోటీస్ పీరియడ్ 60 రోజులో 90 రోజులో ఉంటుంది. ఈలోగా పాత కంపెనీ జీతం పెంచుతుంది, లేదా సీ షిఫ్ట్, అంటే రాత్రి షిఫ్ట్, అయ్యాక ఇంటికి బస్సు లేదని తెలుస్తుంది. జాయినింగ్ రోజున ఫోన్ స్విచాఫ్. నెల రోజుల కష్టం నీళ్లపాలు, క్లయింటు దగ్గర చెడ్డపేరు, ఇన్సెంటివ్ సున్నా.

దీన్ని ఎలా ఆపాలో ఎంబీఏ పుస్తకంలో ఉండదు. ఇదే తలనొప్పి పడుతున్న ఇంకో పదిమంది రిక్రూటర్లకి తెలుస్తుంది. ఆఫర్ ఇచ్చాక వారానికోసారి ఫోన్ చేసి రాజీనామా ఆమోదించారా అని అడిగేవాళ్లున్నారు. చేరకముందే అభ్యర్థిని ప్లాంటులో కాబోయే సూపర్‌వైజర్‌తో మాట్లాడించేవాళ్లున్నారు. కంపెనీ బస్సు శ్రీకాకుళం దాకానా, విజయనగరం వైపు కూడా ఉందా అన్నది మొదటి ఫోన్‌లోనే చెప్పేసేవాళ్లున్నారు. తోటివాళ్లతో పరిచయం ఉంటే ఇవి నెలలో తెలుస్తాయి. లేకపోతే ఒక్కొక్కటీ దెబ్బ తిని నేర్చుకోవాలి. రిక్రూటర్లు ఉద్యోగం మారేటప్పుడు కూడా చాలాసార్లు తోటి రిక్రూటర్ చెప్పిన మాటే పని చేస్తుంది.

ఇక ఆ సదస్సు సంగతి. పోస్టరు చూసి నిర్ణయించకూడదు, పూర్తి అజెండా తెప్పించుకోవాలి. మాట్లాడేవాళ్ల హోదాలు చదవాలి. రోజూ నియామకాలు చేసే టాలెంట్ అక్విజిషన్ మేనేజర్లు ఎంతమంది, రిక్రూటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఎంతమంది? స్పాన్సరు కంపెనీ మనిషే వక్త అయితే ఆ ప్రసంగం చాలావరకు సరుకు అమ్ముకోవడమే. ప్రసంగాలన్నీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల నియామకాల మీదే ఉంటే, ఫ్యాక్టరీకి మనుషుల్ని చూసే అమ్మాయికి సగం పనికిరాదు. ఫార్మా, తయారీ రంగం, ఆఫర్ డ్రాప్స్ (ఆఫర్ తీసుకుని చేరకపోవడం), కార్మిక చట్టాలు, వీటిలో కనీసం రెండు సెషన్లయినా ఉంటేనే ఫీజు గిట్టుబాటు. ఇంకో సంగతి: ‘యువ హెచ్‌ఆర్ లీడర్’ తరహా అవార్డు ఇస్తాం, నామినేషన్ ఫీజు కట్టండి అని మెయిల్ వస్తే పైసా కట్టొద్దు. అది కొనుక్కున్న అవార్డు. రెజ్యూమేలో చూడగానే అనుభవమున్నవాళ్లు పసిగట్టేస్తారు.

కంపెనీ చేత కట్టించుకోవడానికి ఒక పద్ధతుంది. ‘సార్, సదస్సుకి వెళ్లనా’ అని నోటిమాటగా అడిగితే ‘తర్వాత చూద్దాం’ అంటారు. మేనేజర్‌కి ఒక పేజీ మెయిల్ పెట్టాలి. గత మూడు నెలల్లో ఆఫర్ ఇచ్చినవాళ్లు ఎంతమంది, చేరినవాళ్లు ఎంతమంది, ఆ సమస్య మీద సదస్సులో ఏ రెండు సెషన్లున్నాయి, తిరిగొచ్చాక టీమ్ మొత్తానికి ఓ ముప్పావుగంట ఏం చెబుతుంది, మొత్తం ఖర్చెంత. కన్సల్టెన్సీకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఇన్‌వాయిస్ కంపెనీ పేరు మీద, కంపెనీ జీఎస్టీ నంబరుతో తీసుకుంటుందని రాయాలి. కట్టిన పన్నుని వాళ్లు తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోగలిగితే (ఇన్‌పుట్ క్రెడిట్ అంటారు) 1,260 భారం తగ్గుతుంది. ఇదంతా ఐదారు వారాల ముందే జరగాలి, ముందస్తు నమోదు తగ్గింపు అప్పుడే ఉంటుంది. ఫీజు ఇవ్వకపోయినా ఆ రోజుని సెలవుగా కాకుండా ఆన్ డ్యూటీగా ఇమ్మని అడగొచ్చు. వాలంటీర్‌గా వస్తానని నిర్వాహకులకి రాయడం ఇంకో దారి. చాలాచోట్ల వాలంటీర్లకి ప్రవేశం ఉచితం. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర బ్యాడ్జీలు ఇచ్చే పిల్లకి వచ్చిన ప్రతి మనిషి పేరూ, కంపెనీ తెలుస్తాయి. ఏడు వేల రూపాయల టికెట్ కొన్నవాళ్లకి కూడా ఆ అవకాశం ఉండదు.

ఇవేవీ కుదరకపోతే బాధపడక్కర్లేదు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పర్సనల్ మేనేజ్‌మెంట్, అంటే నిపమ్, కోల్‌కతా కేంద్రంగా 1980 నుంచి ఉంది. నేషనల్ హెచ్‌ఆర్‌డి నెట్‌వర్క్ 1985లో పుట్టింది. రెండింటికీ విశాఖలో చాప్టర్లు, అంటే స్థానిక శాఖలు, ఉన్నాయి. విశాఖ చుట్టుపక్కల పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లు వీటిలో సభ్యులు. సాయంత్రం పూట ఉపన్యాసం, ఆ తర్వాత టీ. హాస్టల్ నుంచి ఆటో ఖర్చే. ఏడాది పొడుగునా ఇలాంటి నాలుగైదింటికి వరసగా వెళ్తే ముఖాలు గుర్తుపడతారు. హైదరాబాద్‌లో ఒక్కరోజు మెరిసి రావడం కంటే ఇదే బలమైన పరిచయం అని నా అభిప్రాయం. రాజాంలో, ఎచ్చెర్లలో, విజయనగరంలో ఇంకా ఎంబీఏ చదువుతున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: ఈ సంస్థల్లో విద్యార్థి సభ్యత్వం ఉంటుంది, ఫీజు తక్కువ. చదువు అయిపోయాక అడిగితే ఇవ్వరు.

సదస్సుకైనా, విశాఖ ఉపన్యాసానికైనా వెళ్లే ముందు తను మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకోవాలి, మూడూ తన పనిలోంచే రావాలి. పరిచయ వాక్యాలు కూడా రాసుకుని రెండుసార్లు పైకి చదువుకోవాలి. ‘ఫలానా కన్సల్టెన్సీ అండి, మీకు మనుషులు కావాలా?’ అని మొదలుపెడితే అవతలివాళ్లు కార్డు తీసుకుని పక్కకి తప్పుకుంటారు. ‘పైడిభీమవరం ప్లాంట్లకి క్యూసీ, ప్రొడక్షన్ వాళ్లని చూస్తానండి. ఆఫర్ తీసుకుని చేరనివాళ్లతోనే మాకు ఇబ్బంది. మీరెలా ఆపుతున్నారు?’ అంటే ఆగి జవాబు చెబుతారు. మన జిల్లాల పిల్లలు ఇంగ్లీషు తడబడుతుందని వెనక వరసలో కూర్చుండిపోతారు. ప్రసంగం ఇంగ్లీషులో ఉంటే ఉండనివ్వండి, టీ దగ్గర విశాఖలోనైనా హైదరాబాద్‌లోనైనా తెలుగువాళ్లే ఎక్కువ. తెలుగులో అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

అరగంట ముందే చేరుకోవాలి, హాలు నిండకముందే మనుషులు తీరిగ్గా మాట్లాడతారు. సొంత ఆఫీసువాళ్ల పక్కన కూర్చోకూడదు. రెజ్యూమేలు పంచకూడదు, తనదీ, అభ్యర్థులదీ. యాభై కార్డులు పోగెయ్యడం కంటే ఐదుగురితో పది నిమిషాలు మాట్లాడటం మేలు. ఒక్కొక్కరి దగ్గర్నుంచి కదలగానే ఫోన్‌లో రెండు ముక్కలు టైపు చేసుకోవాలి: ఏ ప్లాంటు, ఏ పోస్టులు చూస్తారు, తను ఏం పంపుతానంది. సాయంత్రం రాసుకుందాం అనుకుంటే ఎవరేం చెప్పారో కలిసిపోతుంది.

చాలామంది బోల్తా పడేది ఆ తర్వాత. కార్డులు బ్యాగులో ఉండిపోతాయి, లేదా లింక్డిన్‌లో కనిపించిన అందరికీ ఖాళీ రిక్వెస్టులు పోతాయి. రెండు రోజుల్లోపు ఆ ఐదుగురికీ విడివిడిగా మెసేజ్ వెళ్లాలి. ఉదాహరణకి: ‘సార్, శనివారం భోజనాల దగ్గర నోటీస్ పీరియడ్ గురించి మాట్లాడుకున్నాం. మీరు చెప్పినట్టు ఈరోజు ముగ్గురు అభ్యర్థుల్ని రాజీనామా మెయిల్ కాపీ అడిగి చూశాను, ఇద్దరు పంపారు. థ్యాంక్స్ అండి.’ అంతే. మొదటి మెసేజ్‌లో ఉద్యోగం అడగకూడదు, వ్యాపారం అడగకూడదు. నెల తర్వాత తన వైపు నుంచి ఏదైనా ఇవ్వాలి. వాళ్లకి బాయిలర్ ఆపరేటర్ దొరకడం లేదని గుర్తుంటే, తెలిసిన మనిషి ఒప్పుకున్నాక అతని నంబరు పంపొచ్చు. ఒక ఎక్సెల్ షీటు చాలు: పేరు, కంపెనీ, ఎక్కడ కలిశాం, ఏం మాట్లాడుకున్నాం, చివరిసారి ఎప్పుడు పలకరించాం. చివరి గడి మూడు నెలలు దాటితే మళ్లీ పలకరించాలి.

పరిచయాలు పెరిగాక వాట్సాప్ గ్రూపులొస్తాయి. ఇక్కడ గట్టిగా చెప్పాలి. కుర్ర రిక్రూటర్లు అభ్యర్థుల రెజ్యూమేలు, ఒక్కోసారి ఆధార్, పాన్ కాపీలు కూడా గ్రూపులో పడేస్తుంటారు. అది చెయ్యనే కూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వ్యక్తి సమ్మతినే ప్రధానంగా చూస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఉద్యోగం వెతుకుతున్నాడని ఇప్పుడున్న బాస్‌కి ఆ గ్రూపు ద్వారా తెలిస్తే ఆ కుర్రాడి పొట్ట కొట్టినట్టే. క్లయింటు ఎంత జీతం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడో కూడా బయట అనకూడదు. తోటివాళ్లతో పద్ధతులు పంచుకోవచ్చు, మనుషుల వివరాలు కాదు.

ఇలాంటి చోట్ల ఇంకో రకం మనుషులు తగులుతారు. ‘మీది ఆ వైపే కదా, ఉద్దానం నుంచి గల్ఫ్‌కి కుర్రాళ్లని చూపించండి, తలకింత ఇస్తాం’ అంటారు. వినడానికి సులువైన డబ్బు. 1983 వలస చట్టం కింద విదేశాంగ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటే విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ లేని సబ్ ఏజెంటుగా పనిచెయ్యడం నేరం. రిజిస్టర్డ్ ఏజెంటు కూడా అభ్యర్థి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ఎవరైనా చూడొచ్చు. లేకపోతే ఆ నంబరు బ్లాక్ చేసెయ్యమనండి. అప్పు చేసి వెళ్లి మోసపోయిన కుర్రాడి ఇంటివాళ్లు ముందు పట్టుకునేది ఊళ్లో మాట చెప్పిన మనిషినే.

ఒంటరి ప్రయాణం మీద మీ భయం న్యాయమే. హైదరాబాద్ వెళ్లాల్సొస్తే విశాఖ ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి రైళ్లు విజయనగరం మీదుగానే సికింద్రాబాద్ పోతాయి. సదస్సు హైటెక్ సిటీ వైపు అయితే సికింద్రాబాద్ ఈస్ట్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కితే మధ్యలో మారకుండా అక్కడే దిగొచ్చు. రాత్రి నెట్‌వర్కింగ్ డిన్నర్‌కి ఉండక్కర్లేదు. సాయంత్రం టీ అయ్యాక బయల్దేరినా పోయేదేమీ లేదు. తోటి అమ్మాయి ఎవరైనా కలిస్తే గది ఖర్చూ సగమవుతుంది.

చివరగా, మన దగ్గర లేనిది ఒకటుంది. పైడిభీమవరం, రాజాం, బొబ్బిలి గ్రోత్ సెంటర్, గరివిడి వైపు కంపెనీల్లో హెచ్‌ఆర్ చూసేవాళ్లు, కాలేజీల ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు, ఐటీఐ వాళ్లు ఒకరినొకరు ఎరగరు. వీళ్లని కలపడానికి పెద్ద హోదా అక్కర్లేదు. సెలవుకి ఇంటికొచ్చే రెండో శనివారం విజయనగరంలో ఏ కాలేజీ గదిలోనో ఎనిమిదిమంది గంటన్నర కూర్చుంటే చాలు. ఒక్కసారికి ఒక్కటే విషయం. ప్రతినెలా వేరేవాళ్లు నడపాలి. అధ్యక్షుడు, శాలువాలు, ఫొటోలు మొదలైన రోజున నిజమైన మాటలు ఆగిపోతాయి. వీళ్ల వాట్సాప్ గ్రూపులో ఉద్యోగ ప్రకటనలు వెల్లువైతే పనిచేసేవాళ్లు మ్యూట్ చేసేస్తారు, కాబట్టి వాటికి వారంలో ఒక్కరోజు కేటాయించాలి. మొదటి సమావేశానికి విషయం కూడా చెప్పేస్తాను: ఏ ప్లాంటు బస్సు ఏ ఊరి దాకా, ఏ షిఫ్టుకి వస్తుంది. తలా ఒక ముక్క చెబితే గంటలో రెండు జిల్లాల పట్టిక తయారవుతుంది. ఆ కాగితం ఒక్కటీ చేతిలో ఉంటే సోమవారం నుంచి అందరి ఫోన్ కాల్సూ మారతాయి.